బురద లేని నీళ్ళు

"శవం మీద చెయ్యి వెయ్యకు, డ్రూరీ."

షెరీఫ్ డ్రూరీ హాల్కం నా మాట వినిపించనట్టే వంగి, అప్పుడే నేలమాళిగలోంచి పైకి లాగిన ఆన్సెల్ ప్రాథర్ జేబులు తడుముతున్నాడు.

"వేస్తే ఏం చేస్తావోయ్ టాలివర్?"

"ఈ జిల్లాలో అనుమానం ఉన్న చావు ఎక్కడ జరిగినా, విచారణ అయ్యేదాకా శవం కరోనర్‌ది. జనం నన్ను ఎన్నుకున్నది ఆ ఒక్క పనికే. దానికి కూడా అడ్డం రాకు."

డ్రూరీ లేచి నిలబడ్డాడు. నిలబడితే అతని తల దూలానికి తగులుతుంది, భుజాలు గుమ్మాన్ని నింపేస్తాయి.

"సరే, నీ శవం నువ్వే ఉంచుకో. పాతిపెట్టడానికి నేల కూడా నువ్వే వెతుక్కో. ఎక్కడైనా మిగిలుంటే!"

వెటకారానికి అన్నా అది నిజం. వబాష్ నది పొంగి ప్రాథర్ రేవు అనే మా ఊరు మొత్తాన్ని మింగేసింది. కోర్టు, గుర్రపుశాలలు, ఇళ్ళు అన్నీ నీళ్ళ కిందే. ప్రాణాలతో మిగిలిన ఊరంతా ఆన్సెల్ గిడ్డంగిలోకి చేరింది. యుద్ధం రోజుల్లో కోటగా కట్టిన కట్టడం అది. ఓక్ దుంగల గోడలు, కిటికీల బదులు తుపాకీ గొట్టం పట్టేంత కంతలు. కింద దుకాణం, దాని వెనక పంది మాంసం ఊరేసే గది, వాటి అడుగున నేలమాళిగ. పైన పొడుగాటి హాలు. ఆ హాల్లోనే ఆడా మగా పిల్లా జెల్లా అందరం మగ్గుతున్నాం. షెరీఫ్ గారి బల్లకట్టు తాళ్ళు తెంపుకుని కొట్టుకుపోయింది. మిగిలింది సరుకులు దించే తలుపు దగ్గర కట్టేసిన ఒకే ఒక్క దోనె.

బయటినుంచి ఎవడూ రాలేదు, లోపలినుంచి ఎవడూ పోలేదు. అంటే ఆన్సెల్‌ని చంపినవాడు మాతోనే ఉన్నాడు, మాతోపాటే మొక్కజొన్న రొట్టె తింటున్నాడు.

"ఇంత ఆలోచనేంటి నీకు?" అన్నాడు డ్రూరీ. "హంతకుడు దొరికాడుగా. అదిగో!"

మెట్ల దగ్గర స్తంభానికి బప్తిస్త్ లాఫ్లామ్‌ని కట్టేసి ఉంచాడు. బప్తిస్త్ ముసలి ఫ్రెంచివాడు. బక్కపలచని మనిషి. అడవుల్లో ఉచ్చులు పెట్టి బొచ్చుతోళ్ళు తెచ్చి ఆన్సెల్‌కి అమ్ముతాడు. ఈ శీతాకాలం పట్టిన తోళ్ళన్నీ నేలమాళిగలో దాచుకున్నాడు. వరద వాటిని ముంచేసింది. నిన్న సాయంత్రం అందరి ముందూ ఆన్సెల్ కాలర్ పట్టుకుని, "నా తోళ్ళు మునిగినట్టే నువ్వూ మునుగుతావు చూడు!" అని అరిచాడు. పొద్దున్నే ఆన్సెల్ భార్య కెటురా, నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూద్దామని నేలమాళిగ తలుపు ఎత్తితే, మొగుడి వీపు తేలుతూ కనిపించింది.

"వెనకనుంచి తోసి తలుపు మూసేశాడు," అన్నాడు డ్రూరీ. "నీళ్ళు తగ్గగానే విచారణ, ఆ సాయంత్రమే ఉరి. అయిపోయింది."

నేను ఆన్సెల్ పక్కన కూర్చున్నాను. ఊరంతా ఎరిగిన మొహం అది. ఎన్నికలప్పుడు ప్రతి ఇంటి గుమ్మంలోనూ ఆ నవ్వే కనిపించేది. శాసనసభలో మా తరఫున మాట్లాడిన నోరు ఇప్పుడు బిగుసుకుపోయి ఉంది. గడ్డం కింద అడ్డంగా ఒక గీత కనిపించింది, గట్టి అంచుకేసి నొక్కినట్టు. చర్మం కమిలి నల్లబడింది.

శవాన్ని పక్కకి తిప్పాను. నోట్లోంచి నీళ్ళు కారాయి. దోసిలి పట్టాను.

తేటగా ఉన్నాయి.

నేలమాళిగ నీళ్ళు ఒక రేకు గిన్నెతో ముంచి పక్కన పెట్టుకున్నాను. గిన్నె అడుగు కనిపించనంత బురద. నా దోసిట్లో మాత్రం చేతి గీతలు కూడా కనిపిస్తున్నాయి. పైన సన్నగా కొవ్వు తెట్టు. నాలిక చివర తాకించాను.

"ఛీ ఛీ!" అంది మెట్ల మీద కూర్చుని చూస్తున్న పర్డీ ముసలమ్మ. "శవం నోటి నీళ్ళు నాకుతున్నాడర్రా! ఇలాంటివాడికా నా అల్లుడు ఓటేసింది!"

నాలిక మండింది. గుడ్డు వేస్తే తేలేంత ఉప్పు.

లేచి మాంసం గదిలోకి నడిచాను. డ్రూరీ నా వెనకే వచ్చాడు.

ఆ గది నేల ఇంకా మునగలేదు. గోడ పొడుగునా పీపాలు. అన్నిటికీ మూతలు బిగించి మేకులు కొట్టి ఉన్నాయి, చివరిదానికి తప్ప. దాని మూత ఊరికే పైన పెట్టి ఉంది. మాంసం తేలకుండా ఉప్పునీటి మీద బరువు రాయి పెడతారు. ఆ రాయి కింద నేల మీద పడి ఉంది. మూత తీశాను. ఉప్పునీరు బాగా తగ్గి, పై మాంసం ముక్కలు గాలికి ఎండుతున్నాయి. అంచు మీది ఇనుప పట్టీకి నెరిసిన గడ్డం వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. అక్కడినుంచి నేలమాళిగ తలుపుదాకా నల్లటి చెక్కల మీద వెడల్పాటి తెల్లని చార, ఈడ్చుకెళ్ళిన బరువేదో వదిలిన తడి ఎండిపోయినట్టు.

"ఏంటంత పరీక్షగా చూస్తున్నావు?" అన్నాడు డ్రూరీ.

"ఉప్పు."

"ఉప్పు గదిలో ఉప్పు దొరికిందా! సెబాసు. నీ విచారణ ఇలాగే సాగితే నదిలో నీళ్ళు కూడా కనిపెడతావు."

"డ్రూరీ, ఆన్సెల్ ఎంత బరువుంటాడంటావు?"

"ఎందుకు?"

"ఊరికే. నువ్వు ఎత్తగలవా అని."

అతను నవ్వాడు. "నేను ఎద్దునే ఎత్తుతాను. అయితే?"

"అయితే ఏమీ లేదు. బప్తిస్త్ ఎత్తగలడా అని చూద్దాం పద."

స్తంభం దగ్గర బప్తిస్త్ తల వాల్చుకుని ఉన్నాడు. తాళ్ళు చర్మంలోకి దిగాయి. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

"బప్తిస్త్, నీ కుడిచెయ్యి చూపించు."

"చూడు కరోనర్ బాబూ, కడుపునిండా చూడు. మంచు తినేసింది. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. ఇంకా ఏదైనా కావాలా?"

"నిన్న గొడవయ్యాక ఎక్కడికెళ్ళావు?"

"ఎక్కడికెళ్తాను? పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆ పర్డీ అవ్వ నా పక్కనే కూర్చుని నన్ను తిడుతూనే ఉంది. అడుగు."

"తిట్టాను," అంది ముసలమ్మ మెట్ల మీదనుంచే. "వాడు నిద్రపోయినా తిట్టాను. తోళ్ళు పోతే మనిషి కాలర్ పట్టుకుంటాడా, తాగుబోతు వెధవ! ఒక్కసారి కూడా లేవలేదు. లేచుంటే నా తిట్లు తప్పించుకునేవాడు కాదూ?"

"ఆన్సెల్ మీద నీకు కోపం ఉందా బప్తిస్త్?" అని అడిగాను.

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కోపమా? ఈ ఒడ్డున వాడికి మొదటి గుడిసె వేసిపెట్టింది నేను. ఈ పల్లం నదిదిరా, నదిని అడక్కుండా ఇక్కడ ఇల్లు కట్టొద్దురా అని చెప్పింది నేను. వినలేదు. నిన్న కాలర్ పట్టుకున్నది తోళ్ళ కోసం కాదు. ఇన్నేళ్ళ తరవాత వాడు నిలబడి 'ఇక్కడ ఊరు కట్టి తప్పు చేశాను' అంటే, ఆ మాట అప్పుడే ఎందుకు అనలేదని ఒళ్ళు మండింది."

"కథలు బాగా చెప్తావు," అన్నాడు డ్రూరీ. "ఉరికొయ్య మీద కూడా చెబుదువుగాని."

నేను కత్తి తీసి తాళ్ళు కోశాను. డ్రూరీ చెయ్యి నా మణికట్టు మీద పడింది.

"నా ఖైదీని వదలడానికి నువ్వెవడివి?"

"విచారణ అయ్యేదాకా వాడు నా సాక్షి. పారిపోతాడని భయమా? ఎటు పారిపోతాడు?"

పట్టు విడవడానికి డ్రూరీ కాస్త సమయం తీసుకున్నాడు. విడిచాక నా మణికట్టు మీద తెల్లగా వేళ్ళ అచ్చులు మిగిలాయి.

కెటురా హాలు మూలన నిప్పుకి దగ్గరగా కూర్చుని ఉంది. ఆన్సెల్ నాకు పెళ్ళి చేసినప్పటినుంచీ ఆమెని వదినా అనే పిలుస్తాను. ఏడవడం అయిపోయిన మొహం. పక్కన కూర్చున్నాను.

"అడుగు ఎనస్. అడగాలని వచ్చావుగా."

"నిన్న ఆన్సెల్‌ని చివరిసారి ఎప్పుడు చూశావు వదినా?"

"ఆ గొడవయ్యాక. పీపాలు పైకి చేర్చాలేమో చూసొస్తానని దీపం పట్టుకుని కిందికెళ్ళాడు. రాలేదు. అలిగి దుకాణంలోనే పడుకున్నాడనుకున్నాను. మనసు బాగోకపోతే ఆయనకి అలవాటే." ఒక కట్టె పొయ్యిలోకి తోసింది. "వెళ్ళి చూడలేదు, ఎనస్."

"ఊరిని గుట్ట మీదికి మార్చాలని ప్రకటిస్తాడని నీకు ముందే తెలుసా?"

"తెలుసు. ఏడాదిగా కుమిలిపోతున్నాడు." చేతులు ఒళ్ళో పెట్టుకుని మంటలోకి చూస్తూ చెప్పింది. "వర్జీనియానుంచి వచ్చినప్పుడు మాకున్నది ఒక కంచరగాడిద. దాని మీద సూదులు, చెకుముకి రాళ్ళు, ఉప్పు. ఇక్కడ పడవలు ఆగుతాయి కాబట్టి ఇక్కడే దుకాణం పెట్టాడు. ఇక్కడి ఆదివాసులు, పియాన్కషా వాళ్ళు కూడా చెప్పారు, వానాకాలం గుడారాలు గుట్ట మీదికి మార్చుకుంటామని. ఈయన నవ్వాడు. మాట తీపి కదా ఆయనది. కెంటకీనుంచి దిగిన ప్రతివాడికీ విస్కీ పోసి ఈ పల్లంలో నేల అంటగట్టాడు. వాళ్ళే ఓట్లేసి శాసనసభకి పంపారు. అక్కడ కూర్చుని, కొండ మీద ఊళ్ళని కాదని, జిల్లా కేంద్రాన్ని ఇక్కడికి తెచ్చాడు. ఆ రోజు జనం ఆయన్ని భుజాల మీద ఊరేగించారు, గుర్తుందా?"

"ఒక భుజం నాదే."

"ఆ తరవాత చలిజ్వరాలు. మా అమ్మాయి లవీనియా పోయింది. ఆ మరుసటి ఏడు వరదొచ్చి శ్మశానాన్ని కూడా తీసుకుపోయింది. దాని సమాధి ఎక్కడుండేదో కూడా నాకు తెలీదిప్పుడు. అప్పటినుంచి ఆయన మళ్ళీ మామూలు మనిషి కాలేదు. సభలో నవ్వేవాడు, ఇంటికొచ్చి గోడకి తల ఆనించుకుని కూర్చునేవాడు. 'నేను ఊరు కట్టలేదు కెటూ, బోను కట్టాను. అందరినీ చేతులు పట్టుకుని లోపలికి పిలిచి నేనే తలుపేశాను' అనేవాడు. నిజం చెబితే జనం కొన్న నేలలకి విలువ పోతుంది. చెప్పకపోతే ప్రాణాలు పోతాయి. ఎటూ కదల్లేక నలిగిపోయాడు."

నిన్న సాయంత్రం ఆన్సెల్ ఇదే హాల్లో పిండి పీపా ఎక్కి నిలబడ్డాడు. వచ్చే సమావేశంలో జిల్లా కేంద్రాన్ని గుట్ట మీదికి మార్చమని తానే తీర్మానం పెడతానన్నాడు. గుట్ట మీది తన భూమిని ముక్కలు చేసి, ఇక్కడ నష్టపోయే ప్రతివాడికీ ఇస్తానన్నాడు. సగంమంది బూతులు తిట్టారు. కమ్మరి హిరామ్ వాస్ ఉమ్మేశాడు. బప్తిస్త్ కాలర్ పట్టుకున్నాడు.

"డ్రూరీ ఏమన్నాడు?" అని అడిగాను. "నాకు గుర్తు రావడం లేదు."

"ఏమీ అనలేదు. అతనొక్కడే ఏమీ అనలేదు."

జిల్లా కేంద్రం మారితే రేవు పోతుంది. రేవు పోతే బల్లకట్టు పోతుంది. ఈ నది దాటేవాళ్ళందరినీ దాటించే హక్కు డ్రూరీకి ఇప్పించింది ఆన్సెలే. కానీ గిడ్డంగిలో అలా నష్టపోయేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఊహ మీద మనిషిని పట్టుకోలేను. కనిపించే గుర్తు కావాలి.

పొయ్యికి ఎదురుగా గోడనుంచి గోడకి తాడు కట్టి అందరి కోట్లూ ఆరేసి ఉన్నాయి. నిన్న వరదలో ఈదుతూ, సామాన్లు మోస్తూ తడవని మనిషి లేడు. అవి చూడగానే నాకు దారి దొరికింది.

అందరినీ పిలిచాను.

"వినండి. ఆన్సెల్ వరద నీళ్ళలో చావలేదు. ఎవడో అతని తలని మాంసం పీపాలో ముంచి, ఊపిరి ఆగేదాకా నొక్కిపెట్టాడు. తరవాత ఈడ్చుకెళ్ళి నేలమాళిగలో పడేశాడు. అతని నోట్లో ఉన్నది తేటనీరు, ఉప్పునీరు. బక్క బప్తిస్త్ ఆ చేత్తో ఆ పని చెయ్యలేడు."

హాలంతా గుసగుసలు. హిరామ్ ముందుకొచ్చాడు. "అయితే ఎవడు చేశాడు?"

"వాడి చేతులు మోచేతులదాకా ఉప్పునీటిలో మునిగాయి. వరద నీరు ఆరితే కోటు మీద బురద మరక మిగులుతుంది. ఉప్పునీరు ఆరితే తెల్లటి మరక మిగులుతుంది. తాడు మీద చూద్దాం. తెల్ల చేతుల కోటు ఎవరిదో, హంతకుడు వాడే."

"బాగుంది," అన్నాడు డ్రూరీ నెమ్మదిగా. "ముందు నాదే చూడు."

అతనిది చూశాను. భుజందాకా బురద. హిరామ్‌ది బురద. పిండిమర యజమానిది బురద. వరసగా తిప్పుకుంటూ పోయాను. తాడు చివర, గోడ నీడలో వేలాడుతున్న బూడిదరంగు కోటు తిప్పాను. రెండు చేతులూ మోచేతులదాకా తెల్లగా, గట్టిగా, అట్టకట్టి ఉన్నాయి. వేలితో గీస్తే ఉప్పు పొడి రాలింది.

ఎడమ మోచేతి దగ్గర నల్లగుడ్డ మాసిక ఉంది. అది చనిపోయిన నా భార్య వేసిన మాసిక. ఆ కోటు నాది.

 ఆ మాసికని ఊళ్ళో అందరూ ఎరుగుదురు.

"నీ నోటితోనే చెప్పావు టాలివర్," అన్నాడు డ్రూరీ. "తెల్ల చేతుల కోటు ఎవరిదో, హంతకుడు వాడే అని."

"నిన్న చీకటి పడకముందే, నీళ్ళలోకి దిగబోతూ దాన్ని విప్పి మెట్ల దగ్గర కొక్కేనికి తగిలించాను. ఆ తరవాత ముట్టుకోలేదు. దుప్పటి కప్పుకునే ఉన్నాను."

"సాక్షి ఎవరు? దుప్పటా?"

ఒకరిద్దరు నవ్వారు. తక్కినవాళ్ళు నవ్వలేదు, వెనక్కి జరిగారు. పక్కనే నిలబడ్డ హిరామ్ కూడా దూరం జరిగాడు. వాళ్ళ మధ్య ఇన్నేళ్ళు బతికాను, వాళ్ళ పిల్లల శవాలకి కళ్ళు మూశాను. ఇప్పుడు వాళ్ళ కళ్ళలో నామీద అసహ్యం కనిపించింది. వెళ్ళడానికి గది లేదు, దాక్కోవడానికి నేల లేదు. ఉచ్చు నేనే పన్ని, నేనే మెడ పెట్టాను. డ్రూరీ నా చేతులు వెనక్కి విరిచి తాడు బిగించాడు. బప్తిస్త్‌ని కట్టిన తాడే అది.

"శవం నోటి నీళ్ళు నాకినప్పుడే అనుకున్నాను," అంది పర్డీ ముసలమ్మ. కానీ ఆ గొంతులో ఎప్పుడూ ఉండే కారం లేదు.

డ్రూరీ కోటు తీసి అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకున్నాడు. తుపాకీ కంతలోంచి పడుతున్న వెలుతురు కోటు చంక మీద పడింది. అక్కడ కుట్టు కనిపించింది. సన్నగా, దగ్గరదగ్గరగా, కొత్త దారంతో వేసిన కుట్టు. రెండో చంకలో కూడా ఉంది.

"హిరామ్!" అన్నాను. "నన్ను రేపు ఉరితీద్దువుగాని. ఇప్పుడొక్క పని చెయ్యి. ఆ చంకలు చూడు."

హిరామ్ అనుమానంగానే వచ్చి చూశాడు. "కుట్టారు. అయితే?"

"నిన్న నేను విప్పినప్పుడు కుట్టు లేదు. చిరుగూ లేదు. రెండు చంకలూ ఒకేసారి పిగిలాయంటే ఏంటర్థం? ఈ కోటుకి పట్టని మనిషెవడో వేసుకుని బలంగా చేతులు ముందుకి చాపాడు. నా భుజాలకి ఆ కోటు చిరుగుతుందా?"

"నీ భుజాలకి సాలెగూడు కూడా చిరగదు," అంది ముసలమ్మ.

"మరి కుట్టిందెవరు? నేను కుడితే ఇలా ఉండదు. ఈ హాల్లో ఇంత సన్నగా కుట్టేవాళ్ళెవరో చెప్పండి."

మూలనుంచి కెటురా లేచింది. నడుస్తున్నట్టు లేదు, ఎవరో తోస్తున్నట్టు వచ్చింది. కోటు అంచు పట్టుకుని ఆ కుట్ల మీద వేలు రాసింది.

"నేనే కుట్టాను."

"నీకిచ్చిందెవరు వదినా?"

ఆమె నావైపు చూడలేదు. "నిన్న పొద్దుగుంకాక పొయ్యి దగ్గరికి తెచ్చాడు. కరోనర్ కోటు చంకల్లో చిరిగిందమ్మా, పెళ్ళాం లేనివాడు, కాస్త కుట్టిపెట్టు అన్నాడు. చేతులు ఇంత తడిగా ఉన్నాయేంటని అడిగాను. ఇవాళ పొడిగా ఎవరున్నారమ్మా అని నవ్వాడు." ఆమె డ్రూరీ వైపు తిరిగింది. "పాపం ఎనస్ అనుకుంటూ కుట్టి తాడు మీద ఆరేశాను. నా మొగుణ్ణి ముంచిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కుట్టాను, డ్రూరీ!"

 డ్రూరీ కోటు వదిలేశాడు. అతని చేతిలో పిస్తోలు ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు.

"నీ కోటని చూసి తీసుకోలేదు టాలివర్," అన్నాడు, వాతావరణం గురించి మాట్లాడుతున్నంత తేలిగ్గా. "మెట్ల దగ్గర అదొక్కటే పొడిగా ఉంది. కింద చలిగా ఉందని వేసుకున్నాను. మంచిగా మాట్లాడదామనే వెళ్ళాను. వింటాడేమో అనుకున్నాను."

"వినలేదు," అన్నాను.

"వాడు కట్టిన ఊరిని వాడే చంపుతానన్నాడు. మేమందరం ఏమైపోవాలి? మీలో సగంమంది అదే అనుకున్నారు. చేసింది నేనొక్కణ్ణే."

ఎవరూ ఔననలేదు. కాదనడానికి కొందరికి నోరు రాలేదన్నది కూడా నేను చూశాను.

బప్తిస్త్ వెనకనుంచి వచ్చి నా కట్లు విప్పుతున్నాడు. కుడిచేతికి మిగిలిన ఆ రెండు వేళ్ళు కూడా పనిచేస్తున్నాయి.

"డ్రూరీ హాల్కం," అన్నాను, "ఆన్సెల్ ప్రాథర్ హత్యకి నిన్ను పట్టుకుంటున్నాను."

"షెరీఫ్‌ని పట్టుకుంటావా? ఏ అధికారంతో?"

"చట్టం చదువుకోకుండానే పదవిలోకి వచ్చావు. జిల్లాలో షెరీఫ్‌ని పట్టుకోగల మనిషి ఒక్కడే ఉంటాడు. కరోనర్."

అతని మొహంలో మొదటిసారి నవ్వు పోయింది. పిస్తోలు మా వైపే ఉంచి వెనక్కి నడుస్తూ గుమ్మం దాటాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు గబగబా దిగింది. దోనె కోసం. హిరామ్ పరుగెత్తబోతే పట్టుకుని ఆపాను. ఇరుకు మెట్ల మీద మొదట దిగినవాడికి గుండు తప్పదు.

కెటురా ఒక్క ఉదుటున వెళ్ళి తలుపు మూసి గడియ వేసేసింది.

అదే క్షణంలో గిడ్డంగి మొత్తం దద్దరిల్లింది. నదిలో కొట్టుకొచ్చిన మాను ఏదో వచ్చి గుద్దింది. కింద సరుకుల తలుపు విరిగిన చప్పుడు, దాని వెనకే నీళ్ళు లోపలికి దూకిన హోరు. పిల్లలు ఏడుపు అందుకున్నారు. తుపాకీ కంతలోంచి చూశాను. దోనె తలకిందులై ప్రవాహంలో దూరంగా పోతోంది. అందులో ఎవరూ లేరు.

మెట్ల మీద మళ్ళీ బూట్ల చప్పుడు. ఈసారి పైకి. తలుపు మీద పిడికిళ్ళు పడ్డాయి.

"తియ్యండి! నీళ్ళు మెట్లెక్కుతున్నాయి! టాలివర్, తియ్యి!"

"అక్కడే ఉండనీ," అన్నాడు హిరామ్. ఎవరో అవునన్నారు. ఇంకెవరో కూడా.

"చావనిస్తే అది తీర్పు కాదు," అన్నాను. తలుపు దగ్గరికి వెళ్ళి నోరు ఆనించి అరిచాను. "డ్రూరీ, ముందు పిస్తోలు. తలుపు కింద పిల్లి దూరే కంత ఉంది. అందులోంచి లోపలికి తొయ్యి. అప్పుడు తీస్తాను."

"ఇచ్చాక తియ్యకపోతే?"

"నిన్ను ప్రాణాలతో కోర్టులో నిలబెట్టాలి. నాకున్న పని అదే."

అవతల ఊపిరి వినిపిస్తోంది. ఇంతసేపూ ఎద్దునెత్తుతానన్న మనిషి పసిపిల్లాడిలా ఎగశ్వాస తీస్తున్నాడు. నీళ్ళు అతను నిలబడ్డ మెట్టుకి చేరువై ఉంటాయి.

కంతలోంచి పిస్తోలు జారి వచ్చింది. పొడిగా ఉంది. పేలడానికి సిద్ధంగా మీట ఎక్కుపెట్టే ఉంది.

నేను చెయ్యి చాపేలోపలే కెటురా వంగి అందుకుంది.

"వదినా, ఇటివ్వు."

ఆమె వెనక్కి జరిగి, రెండు చేతులతో పిస్తోలు పట్టుకుని గుమ్మానికి గురిపెట్టింది.  కళ్ళు నావైపు తిరగలేదు.

తలుపు కిందనుంచి బురదనీళ్ళు సన్నగా లోపలికి పాకి ఆమె పాదాలని తడిపాయి.

"ఇప్పుడు గడియ తియ్యి, ఎనస్," అంది.